ఎడమచేతి చిత్రకారిణి

మనిషి చేత్తో వేసిన బొమ్మేనని రుజువుంటేనే ప్రదర్శనకు తీసుకునే రోజులవి. అందుకే భీమిలిలో చిత్రకారులందరి గదుల్లోనూ ఒక సాక్షియంత్రం ఉండేది. అది కుంచె కదలికలన్నీ చూసి, ఎవరి చెయ్యో పోల్చుకుని, బొమ్మ పూర్తయ్యాక వాళ్ల పేరుతో ముద్ర వేసేది.

హైమావతి ఇరవై ఏళ్లుగా పొద్దున్నే లేచి, రంగుల్లో నూనె కలిపి, నిన్న వేసినదాన్ని సగం గీకేసి మళ్లీ మొదలుపెట్టేది. ఈమధ్య ఆమె కుడి మణికట్టు వాచిపోయింది. పని ఆపడం ఇష్టంలేక కుంచెను ఎడమచేతికి మార్చుకుంది. గీతలు వంకర పోయాయి గాని, బొమ్మలోని పడవల మీది వెలుగు మాత్రం మునుపెన్నడూ లేనంత సజీవంగా వచ్చింది.

మూడోరోజు సాయంత్రానికి బొమ్మ పూర్తయింది. యంత్రం ముద్ర వేయలేదు.

"ఇది హైమావతిగారి చెయ్యి కాదు," అంది.

"మరెవరిదేటి? నా బుజానికే ఉంది కదా."

"మనిషి చెయ్యే. ఆవిడది మాత్రం కాదు."

తెల్లారితే బొమ్మ ప్రదర్శనకు వెళ్లాలి. భర్త సన్యాసిరావు గుమ్మంలో నిలబడి, "పాత బొమ్మొకటి పంపీరాదా," అన్నాడు.

హైమావతికి మనసొప్పలేదు. "అయితే కొత్త చిత్రకారిణి పేరు రాసుకో," అంది యంత్రంతో.

"పేరు?"

చిన్నప్పుడు ఎడమచేత్తో బలపం పట్టిందని మేస్టారు కొట్టి మాన్పించకముందు, ఇంట్లో అందరూ తనను పిలిచిన పేరు ఆమెకు గుర్తొచ్చింది.

"చిట్టెమ్మ."

"అనుభవం?"

"మూడ్రోజులు."

యంత్రం ముద్ర వేసింది.

ప్రదర్శనలో ఆ బొమ్మను కొత్తవాళ్ల వరసలో పెట్టారు. హైమావతి రోజంతా దాని పక్కనే నిలబడి, అడిగినవాళ్లందరికీ "మా ఇంటి పిల్లే" అని చెప్పుకుని మురిసిపోయింది.