ఎరుపంటే ఘనం

"ఎవరు చేశారీ పని?"

గ్రెచెన్ టీచర్‌కు ఏడుపొక్కటే తక్కువ.

ఒకటో క్లాసు పిల్లలకు చెక్క దిమ్మల ఆకారాలు వేరుచేయడం నెల రోజులుగా నేర్పుతోంది. ఎర్రవి ఘనాలు, నీలంవి స్తూపాలు, పసుపువి శంకువులు. పిల్లలు టకటకా ఏ బుట్టలోవి ఆ బుట్టలో వేసేస్తున్నారు. ఇప్పుడు చూస్తే ఎవరో పక్క క్లాసు దిమ్మలు కూడా తెచ్చి కలిపేశారు. నీలం ఘనాలు, ఎర్ర శంకువులు, అంతా కలగాపులగం!

"నేనేనమ్మా," అన్నాడు ట్వెయిట్.

సాయానికని ఆ రోజే కొత్తగా వచ్చిన ముసలాయన. మంచు బూట్లు విప్పేసి పిల్లల మధ్య బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. తన ఉన్ని టోపీలో ఒక దిమ్మ వేసి, పక్కనున్న చిన్నారి బ్రిటా చేత కళ్ళు మూయించి, అందులో చెయ్యి పెట్టించాడు.

"తడిమి చెప్పు తల్లీ. బల్లపరుపు ముఖాలెన్ని?"

"రెండు తాతా. రెండూ గుండ్రంగా ఉన్నాయి!"

"ట్వెయిట్ గారూ, ఆటలకిదా సమయం? రేపు జిల్లా వాళ్ళ పరీక్ష. పోయినేడాది నా క్లాసు ఈ ఆకారాల దగ్గరే చతికిలబడింది. మళ్ళీ అలాగైతే నాకీ క్లాసు ఉండదన్నారు."

"అందుకేనమ్మా, రంగులు..."

"ఆ రంగులే కదండీ మీరు చెడగొట్టింది! మీకో దణ్ణం, ఇంక రాకండి."

ఆయన టోపీ దులిపి పెట్టుకుని, పిల్లలకు చెయ్యూపి వెళ్ళిపోయాడు.

మర్నాడు పరీక్ష పెట్టే ఆవిడ సంచీ బోర్లించింది. అన్నీ రంగు వేయని చెక్క దిమ్మలే.

పోయినేడాది పరీక్షప్పుడు టీచర్లను గదిలోకి రానివ్వలేదు, ఈసారి రానిచ్చారు. పిల్లలు ఎందుకు బిక్కమొహాలు వేశారో గ్రెచెన్‌కు ఇప్పుడర్థమైంది. తను నేర్పింది ఆకారాలు కాదు, రంగులు. సిగ్గుతో ఆమె తల వాలిపోయింది.

బ్రిటా కళ్ళు మూసుకుని ఒక దిమ్మ తడిమింది.

"ఆరు ముఖాలు. అన్నీ ఒక్కలాగే ఉన్నాయి," అని పక్కన పెట్టింది.

మిగతా పిల్లలూ కళ్ళు మూసుకున్నారు. ఒక్కటీ తప్పు పోలేదు.

గ్రెచెన్ బడి ఆఫీసులో గుమాస్తా దగ్గరికి పరుగెత్తింది.

"డార్లీన్, ట్వెయిట్ గారెక్కడుంటారు? కాళ్ళా వేళ్ళా పడైనా వెనక్కి తీసుకొస్తాను."

"ఇంకెక్కడ? సాయానికొచ్చే వాళ్ళ జాబితాలో నిన్ననే పేరు కొట్టేయించుకున్నాడు. ఈ ఊళ్ళో ఇంక తనకేం పని లేదని, పొద్దున్నే సామాను సర్దుకుని అరిజోనాలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడు."

"నా మీద కోపంతోనా?"

"కోపమా? నీ మీద ఒక్క మాట అనలేదు. చూపున్న పిల్లలకు పాఠం చెప్పడం తన వల్ల కాలేదని బాధపడ్డాడు. పాపం, ముప్పై ఏళ్ళూ అంధుల బడిలోనే లెక్కలు చెప్పాడుగా."