వేరు కంచం

“టీబీయేనా మేడం?”

సౌజన్య ఈ మాట అడగడం ఇది మూడోసారి. డాక్టర్ కుసుమకుమారి ఎక్స్‌రేని లైటుకెదురుగా పెట్టి చూస్తోంది. పోయిన వారం సౌజన్య వీపులో సూది గుచ్చి, ఊపిరితిత్తి చుట్టూ చేరిన నీరు తీసి పరీక్షకు పంపింది ఆవిడే.

ఫోన్ మోగింది. మన్సూరాబాద్ నుంచి అత్త ఈరమ్మ.

“ఏమన్నరు పిల్లా? గా రోగమేనా?”

“ఇంకా చెప్పలే అత్తమ్మా.”

“జర జల్ది అడుగు, బుగులైతుంది. నీ కంచం, గిలాస వేరే ఎందుకు పెట్టినవని చుట్టాలు ఒకటే అడుగుడు.”

సౌజన్య ఫోన్ పెట్టేసింది.

“వెంట ఎవరూ రాలేదా?” అంది డాక్టర్.

“ఆయన బస్సు కండక్టరు మేడం. సకల జనుల సమ్మె గదా. నన్ను ఈడ దింపి ఎల్బీనగర్ శిబిరానికి పోయిండు.”

“కీళ్ళ నొప్పులు ఎప్పట్నించి?”

“ఏడాదాయె. ఇంట్ల చెప్తే, పని ఎగ్గొట్టే నొప్పులంటరు.”

“నిజం నొప్పులేనమ్మా. టీబీ కాదు, లూపస్ అని రక్త పరీక్షలో తేలింది. ఒంటిని కాపాడాల్సిన శక్తే ఒంటి మీద తిరగబడుతుంది. కీళ్ళనీ, ఊపిరితిత్తి పొరనీ వాచేలా చేస్తుంది. ఆ నీరు అందుకే చేరింది. మాత్రలు రాస్తున్నా, నన్నడక్కుండా మానకూడదు.”

“మల్ల నీరొస్తదా?”

“మాత్రలు వేసుకుని, ఒంటికి విశ్రాంతిస్తే రాకపోవచ్చు. అలిసిపోయావంటే మళ్ళీ మొదటికొస్తుంది.”

“ఇంట్ల ఏమని చెప్పాలె? కీళ్ళ నొప్పుల రోగమనేనా?”

“అలాగే చెప్పు. అంటుకోదు, అందరితో కలిసి తినొచ్చని కూడా చెప్పు. ఇంకా ఆ భయమేంటి? నవ్వుతూ ఇంటికెళ్ళు.”

సౌజన్య నవ్వలేదు. వరండాలోకి వచ్చేసరికి ఫోన్ మళ్ళీ మోగింది. బయట దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మీద నినాదాలు. ఒక చెవి మూసుకుంది.

“కాదన్నరా పిల్లా? కాదంటే శిబిరంల ఉన్న రాజుకు ఫోన్ జెయ్, బండి మీద తోల్కొస్తడు. సమ్మె అని అందరు ఇంట్లనే ఉండిరి. మీటింగుకని మీ చిన్నమామోళ్ళు జీపేసుకొని దిగిండ్రు. గింతమందికి వండలేక నా నడుమిరిగింది. మాట్లాడవేంది? కాదన్నరా, అన్నరా?”

సౌజన్య గోడకు చెయ్యి ఆన్చి, అందినంత ఊపిరి తీసుకుంది.

“టీబీయేనంట అత్తమ్మా. ఆర్నెల్లు వంటింట్లకు పోవద్దన్నరు.”