మీ పేరు చెప్పండి

"మీ పేరు చెప్పండి" అంది నర్సు.

"మళ్ళీనా?" అన్నాడు కుర్చీలో వాలిన పెద్దాయన. "మొన్న చెప్పిందే. ఈలోగా మార్చుకోలేదు."

డయాలసిస్ హాల్లో నవ్వులు లేచాయి. నర్సు మాత్రం నవ్వలేదు. చేతిలో సూది ట్రేలో పెట్టేసింది.

"పూర్తి పేరు. పుట్టిన తేదీ. చెబితేనే సూది."

పక్క కుర్చీలో తన వంతు కోసం కూర్చున్న డ్రైవింగ్ స్కూల్ మాస్టారు ఇదంతా బిక్కుబిక్కుమంటూ చూస్తున్నాడు. ఆయన ఈ హాల్లోకి రావడం ఇది మూడోసారే. కారు నేర్చుకునేవాళ్ళ పక్కన కూర్చుని, తన వైపున్న బ్రేకు మీద కాలు పెట్టుకుని బతికిన మనిషి. ఇక్కడ కాలికింద ఏ బ్రేకూ లేదు. ఒంట్లో రక్తం గొట్టాల్లోంచి బయటికెళ్ళి, ఫిల్టర్‌లో శుభ్రపడి తిరిగొస్తుంటే, కుర్చీ చేతిని గట్టిగా పట్టుకోవడం తప్ప చేయగలిగిందేమీ లేదు.

పైగా దొరికింది ఈ నర్సమ్మ. పెద్దాయనంటే ఆమెకి అస్సలు పడదని మాస్టారికి మొదటిరోజే అర్థమైపోయింది. పేరు అందరినీ అడుగుతుంది, కానీ కాస్త నవ్వు మొహంతో అడుగుతుంది. ఆయన దగ్గరికొచ్చేసరికి మొహం గంటు పెట్టుకుంటుంది.

"బరువు చూశారా?" అంది ఇప్పుడు కూడా. "నీళ్ళు తగ్గించమంటే వినరు. నిన్న సాయంత్రం టీ రెండోసారి కూడా తాగారు."

పెద్దాయన నాలుక్కరుచుకున్నాడు. "సిస్టర్‌కి అన్నీ తెలిసిపోతాయి!"

బరువు చూసి టీ సంగతి కూడా చెప్పేస్తారా! మాస్టారు హడలిపోయాడు. తను దొంగచాటుగా తాగిన సోడా గుర్తొచ్చి, చూపు కిటికీ వైపు తిప్పుకున్నాడు.

చివరికి పెద్దాయనే దిగొచ్చి పేరూ తేదీ చెప్పాడు. నర్సు మెషీన్‌కి తగిలించిన ఫిల్టర్ మీది చీటీ చదివింది. మళ్ళీ చదివింది. ఆమె మొహంలో నెత్తురుచుక్క లేదు.

అక్కడ ఎవరి ఫిల్టర్ వాళ్ళదే. వాడాక కడిగి, మందు నింపి, పేరు అంటించి అరలో పెడతారు. పొరపాటున ఒకరిది ఇంకొకరికి పెడితే, వాళ్ళ రక్తంలోని జబ్బు వీళ్ళకి అంటుకోవచ్చు. ఈ చీటీ మీద పేరు పెద్దాయనదే. ఇంటిపేరు వేరు. అది మధ్యాహ్నం వచ్చే ఇంకో పేషెంటుది.

పెద్దాయన మెడ సాచి తనూ చదివాడు. హాలంతా కలయజూసి, గొంతు తగ్గించాడు.

"ఎవరూ చూళ్ళేదు. తీసేసి నాది పెట్టెయ్. నేను నోరెత్తను."

మాస్టారు గబుక్కున కళ్ళు మూసుకుని నిద్ర నటించాడు.

"పెట్టింది నేనే" అంది నర్సు, మామూలు గొంతుతోనే. "చెప్పాల్సిందీ నేనే."

చెప్పులు టపటపలాడించుకుంటూ వెళ్ళి డాక్టరమ్మని తీసుకొచ్చింది. ఏదీ దాచలేదు. హడావిడిలో ఇంటిపేరు చూడకుండా అరలోంచి తీశాననీ, సూది గుచ్చేముందు పేరడిగాను కాబట్టి బయటపడిందనీ ఉన్నదున్నట్టు చెప్పింది.

పెద్దాయన కుర్చీలోంచి సగం లేచాడు.

"ఏమీ కాలేదు కదా డాక్టరుగారూ! పెట్టబోయింది నాకు. నాకే ఫిర్యాదు లేదు. ఈ అమ్మాయి ఉద్యోగానికేమైనా అయిందంటే నేనీ హాల్లో మళ్ళీ అడుగుపెట్టను!"

"మీరు ముందు కూర్చోండి" అన్నారు ఆడవాళ్ళిద్దరూ ఒక్కసారే.

మాస్టారికి కళ్ళు చెమర్చాయి. వచ్చిన ప్రతిసారీ కాల్చుకుతినే మనిషిని ఇంతలా వెనకేసుకొస్తున్నాడే! ఎంత మంచి మనసు!

"ఉద్యోగం ఎక్కడికీ పోదు" అంది డాక్టరమ్మ. "ఒకే పేరున్నవాళ్ళ ఫిల్టర్లు పక్కపక్కన పెట్టించింది నేనే. ఇవాళే వేరే అరలోకి మార్పించండి. ఎర్ర పట్టీ వెయ్యండి. చీటీ ఇకమీదట ఇద్దరు చదవాలి. దీన్ని పారేసి, మధ్యాహ్నం ఆయనకి సంగతి చెప్పి, కొత్తది ఇవ్వండి."

నర్సు హాలు మధ్యకొచ్చి నిలబడింది. జరిగింది అందరికీ వినిపించేలా మళ్ళీ చెప్పింది.

"ఇకనుంచి నేను చీటీ చదివేటప్పుడు మీరూ చదవండి. అనుమానమొస్తే నన్ను ఆపండి. ఎన్నిసార్లు ఆపినా విసుక్కోను."

"నా మీద కూడానా?" అన్నాడు పెద్దాయన.

"మీ మీద విసుక్కుంటాను."

హాలంతా గొల్లుమంది. పెద్దాయన అందరికంటే గట్టిగా నవ్వాడు.

ఆయనకి మెషీన్ తగిలించి, నర్సు మాస్టారి వైపు తిరిగింది. మాస్టారు ధైర్యం చేసి నోరు విప్పాడు.

"సిస్టర్... అటునుంచి ఇటే వచ్చారు. చేతులు కడుక్కోలేదు."

నర్సు టక్కున ఆగిపోయింది. తర్వాత మొహం విప్పారింది.

"అదీ! అలా అడగాలి" అంటూ పంపు దగ్గరికి నడిచింది.

ఆ రోజు మాస్టారు కుర్చీ చేతిని పట్టుకోలేదు. కాసేపు నిజంగానే నిద్రపోయాడు.

మధ్యాహ్నం చేతికి ప్లాస్టరుతో బయటికొచ్చి, తన కొడుకు కోసం మెట్ల మీద నిలబడ్డాడు. యూనిఫాం మార్చుకున్న నర్సు, అద్దంలో చూసుకుంటూ ఒక చిన్న కారుని వెనక్కి తెచ్చి మెట్ల పక్కనే ఆపింది. పెద్దాయన్ని చెయ్యి పట్టి ముందు సీట్లో కూర్చోబెట్టింది. పొద్దుటి తప్పుకి ఇంటిదాకా దింపుతోంది కాబోలు, మంచి పిల్లే అనుకున్నాడు మాస్టారు.

అంతలో తలుపు వెయ్యబోతూ నర్సు అంది: "బెల్టు పెట్టుకో నాన్నా, ఈ ఫిల్టర్ సంగతి అమ్మకి మాత్రం నువ్వే చెప్పాలి, నాకు భయం!"