దీపం దిగినాక

"దీపం దిగకుండా మనిషి దిగకూడదు సామీ! నా మాట ఇను," అంటూ రంగన్న పాతర మూతికి అడ్డంగా నిలబడ్డాడు.

ఆస్పరి దగ్గర పల్లె అది. జొన్నలు దాచుకోవడానికి రంగన్న తాతలు ఇంటి ముందర భూమిలో తవ్వుకున్న పాతర. ఎన్నో ఏళ్లుగా మూసి ఉన్న బండను అప్పుడే పక్కకు దొర్లించారు. కుళ్లిన గింజల వాసన గుప్పుమంది.

సుజయ్ ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని వాచీ చూసుకున్నాడు. ఆదోనిలో కొత్తగా పెడుతున్న చరిత్ర మ్యూజియానికి హంగులన్నీ అతనివే. ఇప్పుడు మ్యూజియమంటే అద్దాల బీరువాలూ బూజూ కాదట. తిరగలి పిడి పట్టుకుంటే పాట వినిపించాలి. కళ్లకు పెట్టె తగిలించుకుంటే పాతరలోకి దిగినట్టే ఉండాలి. అందుకు నిజం పాతర లోపల చుట్టూరా ఫొటో తీయాలి. ప్రారంభోత్సవం రేపే. ఇన్నాళ్లూ ఏం చేశాడని అడగకండి, మనకు ఏ పనైనా నెత్తి మీదికి వస్తే గాని కదలదు.

"మూత తీసేశాం కదా రంగన్నా, ఇంకేం భయం?"

"ఒక పగలూ రేతిరీ అట్లే తెరిచి పెట్టల్ల సామీ. రేపు రాండి."

"రేపు పెద్దవాళ్లంతా వస్తున్నారయ్యా! రేపు వచ్చి నేనేం చేసేది?"

"నువ్వుండు నాయనా, నేను దిగుతా," అన్నాడు రంగన్న కొడుకు వీరేష్. అప్పటికే నడుముకు తాడు బిగించుకున్నాడు.

ఈ పని పూర్తయితే వీరేష్‌కు మ్యూజియంలో ఉద్యోగం ఇప్పిస్తానని సుజయ్ మాట ఇచ్చాడు. ఉద్యోగమొస్తే ఏటేటా మిరపకోతల సుగ్గికి గుంటూరు దిక్కు వలస పోయి, గుడిసెల్లో పడుకునే ఖర్మ తప్పుతుంది. ఆ సంగతి రంగన్నకు తెలియనిది కాదు. అతని గొంతు కాస్త తగ్గింది.

"దిగుదువులేరా. దీపం ఒగటి దించి సూడల్ల. దీపం బతికితే మనిషీ బతుకుతాడు."

సుజయ్ వాళ్లింట్లోనూ దీపం పెట్టనిదే ఏ పనీ మొదలుపెట్టరు. శాస్త్రమే కదా, కానిమ్మనుకున్నాడు.

రంగన్న భార్య హులిగమ్మ ప్రమిద వెలిగించి తెచ్చింది. దాన్ని డబ్బాలో పెట్టి తాడుతో దించారు. మూతి దాటిందో లేదో, ఆరిపోయింది.

రంగన్న ముఖం నల్లబడింది. "సూస్తివా సామీ?"

"ఏం చూసేది? గాలికి ఆరింది."

ఆషాఢం గాలి. నిజంగానే హులిగమ్మ నెత్తిన కొంగు నిలవడం లేదు.

"గాజు ఉన్న దీపమైతే ఆరదు. నా కారులో లాంతరు ఉంది, ఉండండి," అంటూ సుజయ్ వెళ్లి, వెలుగుతున్న లాంతరు పట్టుకొచ్చాడు. తుప్పు పట్టిన పిడి, మసి పట్టిన గాజు, లోపల ఎర్రగా అల్లాడే మంట. రంగన్న దాన్ని మురిపెంగా చూశాడు.

"మా తాత కాలంది మాదిరుండాది. యాడ సంపాదిస్తివి సామీ?"

"మ్యూజియంలోదే."

మ్యూజియంలోది అన్నాక ఇంక అడిగేదేముంది! రంగన్న తనే తాడు కట్టి దించాడు. లాంతరు అడుగుకు చేరింది. అందరూ తలలు వంచి చూశారు. మంట ఊగింది, చిన్నదయింది, మళ్లీ లేచింది. ఒక బీడీ తాగేంత సేపు కాచుకున్నారు. ఆరలేదు.

"సరే, దిగు," అన్నాడు రంగన్న. అన్నది ఇంకెవరో కాదు, కన్నతండ్రి.

వీరేష్ కెమెరా చంకన పెట్టుకుని దిగాడు.

"మధ్యలో పెట్టు!" పైనుంచి అరిచాడు సుజయ్.

"తాడు సాలడం లేదు సార్... ఇప్పేస్తాండా."

"పెట్టావా?"

"పెడ్తాండా..." ఆ మాట ముద్దగా వచ్చింది. తర్వాత లోపల ఏదో బస్తా పడ్డట్టు చప్పుడైంది.

"వీరేషా! ఒరేయ్ వీరేషా!"

పలకలేదు. రంగన్న దూకబోయాడు. వీధిలో వాళ్లు పరుగున వచ్చి ఒడిసి పట్టుకున్నారు.

"ఇడవండ్రా నన్ను! దీపం ఎలుగుతాందే! దీపం ఎలుగుతాంటే నా కొడుక్కు ఏమయితాది? ఇడవండి!"

సుజయ్ పాతర లోపలికి చూశాడు. లాంతరు చక్కగా వెలుగుతోంది. ఫోను తీసి ఎవరెవరికో చేశాడు.

ముఖాలకు ముసుగులు తగిలించుకున్న మనుషులు వచ్చి వీరేష్‌ను పైకి తీసేసరికి పొద్దు వాలింది. అప్పటికి చేయడానికేమీ మిగల్లేదు. లాంతరు కూడా తాడుకు వేలాడుతూ పైకి వచ్చింది, వెలుగుతూనే.

హులిగమ్మ కొడుకు మీద పడి గుండెలు బాదుకుంటోంది. రంగన్నకు ఏడుపు రావడం లేదు. శవం తల దగ్గర దీపం పెట్టాలి, ఆ ఒక్కటే తోచింది అతనికి. పొద్దున ఆరిపోయిన ప్రమిదే తెచ్చుకుని లాంతరు ముందు కూలబడ్డాడు.

"వద్దు రంగన్నా... నేను అగ్గిపెట్టె తెస్తా," అన్నాడు సుజయ్.

"అగ్గిపెట్టె యాలప్పా? నా బిడ్డ పోయినా ఇది పోలేదు గదా."

లాంతరు గాజు పైకెత్తి, ప్రమిద ఒత్తిని మంటకు అంటించాడు. అంటుకోలేదు. మళ్లీ అంటించాడు. అంటుకోలేదు. చివరికి మంటలో వేలు పెట్టాడు.

వేలు కాలలేదు. చల్లగా, చిన్న బల్బు తగిలింది.