సభ్యత్వం ఊసెత్తని పిన్నిగారు

"మీ అత్తగారికి మోకాలి నొప్పి తగ్గిందా అమ్మా?"

ఉపాధ్యాయ సంఘం ఆఫీసులో కిటికీ పక్కన కూర్చున్న పెద్దావిడ ఫోనులో అడుగుతోంది. అప్పటికే ఇరవై నిమిషాలయింది.

కొత్త కార్యదర్శి ఎదురు బల్ల దగ్గర అసహనంగా కదిలాడు. హైస్కూల్లో లెక్కలు చెప్తాడు కాబట్టి అతన్ని అందరూ లెక్కల మాస్టారనే పిలుస్తారు. పదవిలోకి వచ్చి పదిరోజులైంది. సభ్యుల్ని ఐదు వందలు దాటిస్తానని ఎన్నికల్లో మాటిచ్చాడు. ఉన్నది మూడు వందల నలభై. మూడు వందలకన్నా తగ్గితే టీచర్ల బదిలీల మీద మాట్లాడడానికి అధికారులు సంఘాన్ని పిలవనే పిలవరు.

పెద్దావిడ ఫోను పెట్టేసి, రూళ్ళ పుస్తకంలో ఏదో రాసుకుంది.

"పిన్నిగారూ, ఆ టీచరమ్మ సభ్యత్వం ఈ నెలతో అయిపోతోంది. ఆ సంగతి చెప్పారా?"

"లేదు బాబూ."

"మరి ఇంతసేపూ ఏం మాట్లాడారు?"

"వాళ్ళత్తగారికి ఆపరేషనయింది. స్కూల్లో ఆరో తరగతి పిల్లలు మాట వినట్లేదట. చెప్పుకుంది, విన్నాను."

"సభ్యత్వం ఊసే ఎత్తకపోతే ఎలాగండీ?"

"ఫోను ఎక్కణ్ణుంచి వస్తోందో ఆ అమ్మాయికి తెలుసుగా," అంటూ ఆవిడ ఇంకో నంబరు నొక్కింది.

ఆవిడ అక్కడ ఎప్పటినుంచి కూర్చుంటోందో ఎవరికీ సరిగ్గా గుర్తులేదు. జీతం లేదు, పదవి లేదు. పొద్దున పదింటికి వచ్చేది, ఒంటిగంటకి వెళ్ళిపోయేది. రిటైరైన టీచరమ్మ, ఇంట్లో పొద్దుపోక వస్తోంది కాబోలనుకునేవారు.

ఆ వారమే మాస్టారు ఆఫీసుకి కంప్యూటరు తెప్పించాడు. ఒక్క మీట నొక్కితే సభ్యులందరి ఫోన్లకీ సందేశం వెళ్ళే ఏర్పాటు చేయించాడు.

'గౌరవ సభ్యులకు మనవి. మీ సభ్యత్వ గడువు ఈ నెలాఖరుతో ముగియనున్నది. వెంటనే పునరుద్ధరించుకోగలరు.'

తనే రాసుకుని, తనే దిద్దుకుని, మూడుసార్లు చదువుకుని మురిసిపోయాడు.

"ఇక మీరు గొంతు చించుకోనక్కర్లేదు పిన్నిగారూ. హాయిగా ఇంటిపట్టున ఉండండి."

ఆవిడ రూళ్ళ పుస్తకంలో ఒక పేజీ తీసి చూసింది.

"గురువారం ఒకమ్మాయికి చేస్తానన్నాను. ఆ ఒక్కటీ చేసి మానెయ్యనా?"

"ఆవిడకీ సందేశం వెళ్తుంది లెండి."

పిన్నిగారు పుస్తకం సంచిలో పెట్టుకుని, కుర్చీ బల్ల కిందికి జరిపి, ఒక్కో మెట్టూ చూసుకుంటూ దిగి వెళ్ళిపోయింది.

నెలాఖరు వచ్చింది, పోయింది.

రెండు వందల డెబ్భై నాలుగు.

మాస్టారు పట్టిక మళ్ళీ లెక్కపెట్టాడు. లెక్కలో తప్పేమీ లేదు.

మర్నాడు సెలవు పెట్టి, సభ్యత్వం వదులుకున్నవాళ్ళ పట్టిక పట్టుకుని బయల్దేరాడు. మొదట వెళ్ళింది రైలు పట్టాల అవతల ఉన్న చిన్న స్కూలుకి. సైన్సు టీచరు బోర్డు తుడుస్తోంది.

"మా సందేశం అందలేదా అమ్మా?"

"అందింది సార్. మూడుసార్లు అందింది."

"మరి?"

ఆమె డస్టరు పక్కన పెట్టింది.

"గురువారం పిన్నిగారి ఫోను వస్తుందని చూశాను సార్. రాలేదు."

"ఓస్, అదా..."

"మీకు అంతే అనిపిస్తుంది. ఈ స్కూలుకి వేసిన కొత్తలో నేను రాజీనామా రాసి బ్యాగులో పెట్టుకు తిరిగాను. నాతో ఇక్కడ పలికేవాళ్ళే లేరు. ఆవిడ వారం వారం ఫోను చేసేవారు. ఉద్యోగం మానమనీ అనలేదు, మానొద్దనీ అనలేదు. 'ఈ వారం క్లాసులో ఎవరైనా నవ్వించారా?' అని అడిగేవారు. అడిగితే ఏదో ఒకటి చెప్పాలి కదా అని వారమంతా వెతుక్కునేదాన్ని. ఆ కాగితం ఎప్పుడు ఎక్కడ పడిపోయిందో నాకే తెలీదు."

"ఆవిడ చేసింది సంఘం తరఫునే కదమ్మా?"

"నాకు తెలిసిన సంఘం ఆవిడే సార్."

మాస్టారు రెండో పేరు దాకా వెళ్ళలేదు. అడ్రసు కనుక్కుని నేరుగా పిన్నిగారింటికి వెళ్ళాడు.

తలుపు తీసే ఉంది. ఆవిడ ఫోనులో ఉంది.

"వార్డంతా ఒక్కదానివే ఎలా చూసుకున్నావమ్మా?" అంటూనే, కూర్చోమని కుర్చీ చూపించింది.

ఆ మాటలు పూర్తయ్యేదాకా మాస్టారు చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

"నర్సుల సంఘంవాళ్ళు వచ్చి, తమవాళ్ళకి ఫోన్లు చెయ్యమని అడిగారు బాబూ. సరేనన్నాను."

"తప్పు నాది పిన్నిగారూ. మళ్ళీ మా దగ్గరికి రండి."

"వాళ్ళకి మాటిచ్చేశాను. మొదలుపెట్టి మధ్యలో మానేస్తే, ఎదురుచూసేవాళ్ళకి కష్టంగా ఉంటుంది." ఆవిడ లేచి రూళ్ళ పుస్తకం తెచ్చిచ్చింది. "ఇది మీదే. ఎవరింట్లో ఎవరికి బాగాలేదో, ఎవరు దేనికి దిగులు పడుతున్నారో రాసి పెట్టాను. ఇకనుంచి మీరు అడగండి."

మాస్టారు రెండు చేతులతో పుస్తకం అందుకున్నాడు.

"మీరు ఏ స్కూల్లో చేసేవారు పిన్నిగారూ?"

"నేను టీచర్ని కాను బాబూ. మా ఆయన టీచరు. మీ సంఘంలోనే ఉండేవారు."

"మా సంఘంలోనా? ఎప్పుడూ చెప్పలేదే."

"ఆయన మంచాన పడ్డ ఏడాది సభ్యత్వం గడువు దాటిపోయింది. పేరు తీసేశామని కార్డు వచ్చింది," అంది పిన్నిగారు, రోజూ మాట్లాడే గొంతుతోనే. "మళ్ళీ ఎందుకు చేరలేదని అడగడానికైనా మీలో ఎవరో ఒకరు ఫోను చేస్తారని, పోయేరోజు దాకా ఆయన ఫోను తలగడ పక్కనే పెట్టుకున్నారు."