మూడింతల ఫండ్లకు గుండె పరీక్ష

షేర్ మార్కెట్‌కు మూడింతలు ఎగిరి మూడింతలు పడే ఫండ్లు కొనాలంటే ఇప్పుడు ఎవరైనా గుండె పరీక్ష నెగ్గాల్సిందే. తెనాలి పూర్ణచంద్రరావు ఏటా తప్పుతున్నాడు. ఈసారి భార్య ఇందుమతి పరీక్షకు దిగితే, “మగాడి గుండే తట్టుకోలేకపోతోంది, నీవల్ల ఏమవుద్దే?” అని నవ్వాడు.

ఇందుమతి గుండె దడ కొలిచే పరీక్ష గాజు తొడుక్కుని, ఎప్పటిలాగే పొయ్యి దగ్గర పెసరట్టు పోస్తోంది. గోడమీది తెర ఉన్నట్టుండి, “మీ సొమ్ము సగమైంది!” అంది. అది పరీక్ష కోసం చూపే ఉత్తుత్తి నష్టమే. అయినా పూర్ణచంద్రరావుకు ముచ్చెమటలు పోశాయి.

“అమ్మెయ్యవే! కొంప మునిగింది!” అని అరిచాడు.

ఆమె గరిటె తొణకలేదు. అట్టు చందమామలా గుండ్రంగా వచ్చింది. గాజు పచ్చగా వెలిగింది.

“నెగ్గారు! ఇప్పుడు ఎంత కొంటారు?” అంది తెర.

“ఆగమ్మా,” అంది ఇందుమతి. “ముందు మా ఆయనకి మంచినీళ్లివ్వాలి.”