పల్లి వేరు ఇచ్చిన జాగా

"పేరేంది?" అడిగింది లక్ష్మీనర్సమ్మ, గడపలో కూర్చొని పల్లికాయ తెంపుతూ.

"జాహేదా." ఈ పేరు వినగానే జడ్చర్లలో ఐదిళ్లవాళ్లు గది లేదన్నారు. ఇక్కడా దొరక్కపోతే డిగ్రీ మానేసి ఊరికి పోవాలి.

"ఏం చదువుతవ్?"

ఆమె చేతిలోని చెట్టు వేర్లకున్న బుడిపెలు చూపించాను. "గీ చెట్ల చదువేనమ్మా. వీటిల క్రిములుంటయి. వేరు మొదట అన్ని క్రిముల్నీ తరిమేది. తరాలు గడిచినంక, మేలు చేసేటియేవో గుర్తుపట్టుడు నేర్చి జాగా ఇచ్చింది."

"ఉత్తగనేనా? కిరాయి లేదా?"

"గాలిలకెంచి ఎరువు తీసిస్తయి."

"మరి నువ్వేమిస్తవ్?"

పక్కనున్న చెట్టొకటి అందుకున్నాను. "పొద్దుమీకి కాలేజీకెంచి వచ్చినంక... కాయ తెంపుత."

ఆమె నవ్వి పక్కకు జరిగింది. "చెప్పులు లోపలికి తెచ్చుకో. మా కుక్క ఎత్కపోతది. నిన్ను గుర్తుపట్టుడు దానికింకా రాలే."